‘చివరి’ అనే మాట

భోజన విరామం ముగిసి సభ తిరిగి మొదలయ్యేసరికి రెండుంపావు అయింది. విదేశాంగ మంత్రి లేచి, కళ్ళజోడు తుడుచుకుని, ఇవాళ ఓటింగు తనవైపేనని తెలిసిన మనిషి నిదానంతో మొదలుపెట్టాడు. ఆయన కూర్చోగానే ఆమె లేవాలి. విదేశాంగ వ్యవహారాల కమిటీకి ఆమె అధ్యక్షురాలు, సవరణ ఆమె పేరు మీదే ఉంది. “గంట పడుతుందమ్మా, ఈయన అంకెల్లోకి దిగాడంటే,” అన్నాడు పక్క సీటు పెద్దాయన, బల్ల కింద బూట్లు వదులు చేసుకుంటూ. పద్దెనిమిదేళ్ళుగా అదే సీట్లో కూర్చుంటున్నాడు, ఏ మంత్రి ఎంతసేపు మాట్లాడతాడో ఆయనకు నోటికొచ్చు. గంట. ఒకప్పుడు తమ ఊళ్ళో బస్సెక్కితే గంటలో వంతెన దాటి అక్క ఇంట్లో ఉండేది. వంతెన దాటితే వేరే దేశమని చిన్నప్పుడు పెద్దగా పట్టేది కాదు, ఇంట్లో అందరూ ‘అవతల’ అనేవాళ్ళు, అక్క అవతల ఉంది, సెలవులకు అవతలికి వెళ్తాను, అంతే. చెక్‌పోస్టులో కూర్చునే ఆయన ఆమె చేతిలో సంచి చూసి “మళ్ళీ వచ్చావా, మీ బావ బుర్ర తినడానికి?” అనేవాడు. ఇప్పుడు ముందున్న బల్ల మీద ఒక కాగితం, దాని మీద మూడు పంక్తులు. అవతలి దేశం మీద ఆంక్షల చట్టం, ఏడో సెక్షన్‌లో ‘చివరి రాజకీయ ఖైదీ విడుదలయ్యేంతవరకు’ అనే మాటలు తొలగించి, ‘ఖైదీల విడుదలలో తగిన పురోగతి కనిపించేంతవరకు’ అనే మాటలు చేర్చవలెను. తొలగించాల్సిన మాటలూ ఆమెవే, తొలగించమంటున్నదీ ఆమే.

“పరివర్తన దశలో ఉన్న దేశం,” అంటున్నాడు మంత్రి, “మన చేయూత కోరుతున్న దేశం.” ఆ పరివర్తన అనే మాట ఆయన నోట్లో పంచదార చిలకలా కరుగుతోంది, ఇప్పటికి నాలుగుసార్లు అన్నాడు. రెండేళ్ళ క్రితం అవతల సైన్యం గద్దె దిగి తాత్కాలిక ప్రభుత్వం వచ్చినప్పుడు అక్క ఫోన్లో ఏమంది? “సున్నాలేస్తున్న ఇల్లులా ఉందే ఇక్కడ. సామానంతా నడి గదిలో పోశారు. కూర్చోడానికి లేదు, వండుకోడానికి లేదు, ఎప్పటికయ్యేదీ చెప్పేవాడు లేడు. అయితే గోడలు మాత్రం తెల్లగానే ఉన్నాయిలే.” ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు. దేశాల గురించి ఇరవై ఏళ్ళుగా చదివిన పుస్తకాల్లో ఎక్కడా అంత సులువుగా ఎవరూ చెప్పలేదని, ఆ మాటను కమిటీ నివేదికలో వాడుకుందామనుకుంది, వాడుకోలేదు. అక్కలు ఫోన్లో అన్న మాటలు నివేదికల్లో రాయరు. అక్క గొంతులో అప్పటికే కాస్త బొంగురు ఉందా? ఉండే ఉంటుంది. వినలేదు. వినిపించినా జలుబనుకుని ఉంటుంది.

మంత్రి వెనకాల గోడకు పెద్ద పటం వేలాడదీశారు ఇవాళ, రెండు దేశాలూ, మధ్య నది, వంతెన ఉన్నచోట ఎర్ర చుక్క. బావ చూస్తే ఒప్పుకోడు. నది ఒంపు తప్పుగా ఉంది, ఎవడు గీశాడ్రా దీన్ని, వేలితో గీశాడా, అంటాడు. భూగోళం మాస్టారు. ట్రైనింగు కాలేజీలో చదవడానికి ఇవతలికి వచ్చి, వెళ్ళేటప్పుడు అక్కను పెళ్ళి చేసుకుని తీసుకెళ్ళాడు. అప్పటికి ఆమెకు పదేళ్ళు. తల్లి లేని ఇంట్లో జడ వేసే చేయి పోయిందని ఆ మనిషి మీద నెల రోజులు కక్షగట్టింది, ఎదురుపడితే ముఖం తిప్పుకునేది. ఆయన మాత్రం ప్రతి సెలవుల్లోనూ ఆమెను కూర్చోబెట్టి, ఖాళీ పటం ముందు పెట్టి, “మరదలుగారూ, ఈ నది ఎటు పోతుందో తమరే నిర్ణయించండి,” అనేవాడు. ఆమె వాదించేది. కొండెక్కించేది నదిని. “పట్టు పడితే వదలదు మీ చెల్లెలు,” అనేవాడు అక్కతో వంటింటి వైపు తిరిగి, “దీన్ని ఎక్కడికైనా పంపించాలి, వాదించినందుకు జీతమిచ్చే చోటికి.” పంపించారు. వాదించినందుకు జీతం ఇచ్చే చోటే ఇది, మెత్తటి సీట్లు, చల్లటి గది, మైకు పక్కన ఎర్ర దీపం.

ఆయన చేసిన నేరం చెబితే ఈ సభలో కొత్తవాళ్ళు నమ్మరు. అవతల సైన్యం అధికారం తీసుకున్న మరుసటి ఏడాది విద్యార్థులు ఊరేగింపు చేశారు. ఆ రోజు బడికి రానివాళ్ళ పేర్లన్నీ కావాలని మర్నాడు పొద్దున్నే బడికి జీపు వచ్చింది. బావ హాజరు పట్టీ ఇచ్చాడు. అందులో మూడు తరగతుల పిల్లలకూ, నూట పన్నెండు మందికీ, ఒక్కరు తప్పకుండా హాజరు వేసి ఉంది. ఆ రోజు బళ్ళో నిజంగా ఉన్నది తొమ్మిదిమంది. పట్టీ చూసిన ఆఫీసరు “మీ బళ్ళో ఎవరికీ జ్వరాలు కూడా రావా మాస్టారూ?” అన్నాడట. “చదువంటే అంత ఇష్టమండీ మా పిల్లలకి,” అన్నాడట బావ. ఆ మాట ఊరంతా పాకింది, ఆ నూట పన్నెండు మందీ బతికారు, ఆయన్ని ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు. పదేళ్ళయింది. మొదటి నాలుగేళ్ళు అక్కనూ కూతుర్నీ నెలకోసారి చూడనిచ్చారు, తర్వాత దూరపు జైలుకు మార్చాక అదీ లేదు. ఇప్పుడు సైన్యం లేదు, ఖైదీలను విడతలు విడతలుగా వదులుతున్నారు, వందల మంది ఇళ్ళకు చేరారు, ఇంకా నలభై ఒక్కమంది మిగిలారు. ఆ నలభై ఒక్కమందివీ రాజకీయ కేసులు కావంటుంది తాత్కాలిక ప్రభుత్వం. బావది ప్రభుత్వ రికార్డు తారుమారు చేసిన కేసట. దొంగ హాజరు. కొత్త ప్రభుత్వానికి కూడా రికార్డులంటే గౌరవం ఉండాలి కదా అన్నాడు వాళ్ళ రాయబారి, టీ కప్పు సాసరు మీద చప్పుడు కాకుండా పెడుతూ.

మంత్రి అంకెల్లోకి దిగాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె తొమ్మిదేళ్ళ వెనక్కి పోయింది, పోకుండా ఎలా ఉంటుంది, అదే హాలు, అప్పుడామె మూడో వరసలో, మొదటిసారి గెలిచి వచ్చిన కొత్త సభ్యురాలు. అవతలి సైనిక ప్రభుత్వంతో వ్యాపారం, బ్యాంకు లావాదేవీలు, రవాణా అన్నీ ఆపేసే చట్టం. ప్రభుత్వానికి ఇష్టం లేదు, విదేశాంగ విధానం మేం చూసుకుంటాం, మీరు రోడ్లూ కాలవలూ చూసుకోండి అన్నట్టు ఉండేది వాళ్ళ ధోరణి. సభే పట్టుబట్టింది. ఆ పట్టు వెనక ఎక్కువగా ఆమే ఉంది. బిల్లులు రాసే ముసలి అధికారి, రిటైరవడానికి ఆరు నెలలే ఉన్నవాడు, తన గదిలో ఆమెకు కుర్చీ వేసి నెమ్మదిగా చెప్పాడు. “ఒక్కటి వినండమ్మా. ‘చివరి ఖైదీ’ అనకండి. ‘ఖైదీలు’ అని రాసుకుందాం. చట్టంలో ‘చివరి’ అని రాయడం తేలికే. దాన్ని తీసే రోజు ఎవరో ఒకరి ముఖం చూసి తీయాలి.” ఆమె వినలేదు. చిన్నతనం, దుఃఖం, దానికి తోడు గెలిచానన్న ధీమా. ఒక్కడిని కూడా వదిలిపెట్టి పోము అని చెప్పడం కోసమే కదా ఈ సభ ఉన్నది అనుకుంది. చట్టం నెగ్గింది. ఏటా ఒకసారి సభ దాన్ని పొడిగించాలి, ఏటా ఆమే లేచి మాట్లాడేది. ఎదురు బెంచీ న్యాయవాది ఏడో సెక్షన్‌కు ‘బావ క్లాజు’ అని పేరు పెట్టాడు. మొదట క్యాంటీన్లో, తర్వాత నడవాల్లో, చివరికి అటెండర్లు కూడా ఫైలు అందిస్తూ “మేడం, బావ క్లాజు ఫైలు” అని నాలిక్కరుచుకునేవాళ్ళు. ఆమె నవ్వేసేది. నవ్వేసి, ఇంకెప్పుడూ సభలో బావ అన్న మాట ఎత్తకూడదనుకుంది. తొమ్మిది ప్రసంగాల్లో ఎక్కడా ఎత్తలేదు. ఖైదీలు అనేది. మనస్సాక్షి ఖైదీలు అనేది. అంత పెద్ద మాటలో ఆ సన్నటి మనిషి ఎక్కడో ఉన్నాడని తనకు తెలిస్తే చాలనుకుంది.

ఆ పౌరుషమే అక్కను తినేసిందా. ఇదిగో ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ నీళ్ళు తాగాలనిపిస్తుంది, గ్లాసులో నీళ్ళు చల్లగా ఉన్నాయి. పోయిన వానాకాలం. పొడిగింపు చర్చ జరుగుతోంది. ఎవరో అడిగారు, వెనక బెంచీల్లోంచి, ఈ చట్టం వల్ల అవతలి ఆసుపత్రులకు మందులు అందడం లేదట కదా అని. ఆమె లేచి చెప్పింది, కాగితం చూడకుండా చెప్పింది. “గౌరవ సభ్యులు రెండో షెడ్యూలు చదవలేదనుకుంటాను. మందులకు మినహాయింపు ఉంది.” బల్లలు చరిచారు. మినహాయింపు ఉంది, నిజమే. మూడు శాఖల అనుమతి ఉంటే చాలు. మూడు సంతకాలూ పడ్డా ఏ లారీ యజమానీ వంతెన దాటనన్నాడు, ఏ బ్యాంకూ ఆ కాగితం ముట్టుకోనంది, రేపు ఎవరు ఏం అడుగుతారోనని. అది ఆమెకు తెలియదా? తెలుసు, వినతిపత్రాలు వచ్చాయి, కట్టగట్టి ఉప సంఘానికి పంపింది. అదే వారం అక్కకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేరింది. కావలసినది ఇవతల ఏ మందుల షాపులో అడిగినా వెనక అరలోంచి తీసిచ్చే ఇంజెక్షను. నడిచి దాటేవాళ్ళ సంచిలో అయినా అనుమతి కాగితం లేనిదే మందు దాటనివ్వరు. రవాణా శాఖ కార్యదర్శికి ఆమె ఒక్క ఫోను చేస్తే చాలు. ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. బావ క్లాజు పెట్టిన మనిషి అక్క మందు కోసం వంతెన తెరిపించుకుంది అంటారు, తొమ్మిదేళ్ళ పని ఒక్క పూటలో నవ్వులపాలవుతుంది, అనుకుని పెట్టేసింది. అందరితో పాటే దరఖాస్తు పెట్టించింది, వరస నంబరుతో. రెండు సంతకాలు పడ్డాయి. ఇరవై మూడో రోజున అక్క పోయింది. మూడో సంతకం ఆ తర్వాత వారానికి పడింది, కాగితం చక్కగా కవరులో పెట్టి ఇంటికి పంపించారు.

అక్క ఆ ఇరవై మూడు రోజుల్లోనూ ఒక్కసారి కూడా అడగలేదు. “నీ సభ ఎలా ఉంది?” అనే అడిగింది. “తిడుతున్నారా నిన్ను ఇంకా?” అని అడిగింది.

అక్క కూతురు ఆ ఆసుపత్రిలోనే నర్సు. పదిహేను రోజుల కిందట కమిటీ ముందుకు సాక్షిగా వచ్చింది, వంతెన మీదుగా నడిచి. పొడుగు బల్లకు ఈ చివర ఆమె, ఆ చివర ఆ పిల్ల, మధ్యలో పదకొండుమంది సభ్యులు, టీ కప్పులు. “అధ్యక్షురాలుగారికి నమస్కారం,” అంది ఆ పిల్ల, ముఖంలో ఎక్కడా పిన్ని అన్న జాడ లేదు. కాగితాలు తెచ్చుకోలేదు. గుండె జబ్బుల వార్డులో ఎంతమంది, పిల్లల వార్డులో ఎంతమంది, ఉడకబెట్టి మళ్ళీ వాడుతున్న సూదులెన్ని, అంతా మామూలు గొంతుతో చెప్పింది, డ్యూటీ దిగుతూ తర్వాతి నర్సుకు చెప్పినట్టు. ఒక సభ్యుడు అడిగాడు, “అమ్మా, ఇంకా నలభై ఒక్కమంది జైల్లో ఉండగా మమ్మల్ని ఆంక్షలు ఎత్తేయమంటావా?” ఆ పిల్ల అతని వైపే తిరిగి చెప్పింది. “వాళ్ళలో మా నాన్న ఉన్నారండీ. ఆయన్ని చూసి ఆరేళ్ళయింది. అయినా ఎత్తేయండి.” రాసుకుంటున్న వాళ్ళ పెన్నులు ఆగాయి. అధ్యక్షురాలిగా ఆమె అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది, సాక్షిని ఎవరైనా బలవంతపెట్టారా అని. అడిగింది. “లేదండీ,” అంది పిల్ల. బయట నడవాలో, మంచినీళ్ళ కుళాయి దగ్గర, అప్పుడు పిన్నీ అంది. “అమ్మ విషయం లోపల చెప్పలేదు పిన్నీ. నీకు ఇబ్బందవుతుందని.” నీకు ఇబ్బందవుతుందని. ఇరవై ఆరేళ్ళ పిల్ల, చేతులు స్పిరిట్‌తో తోలు లేచిపోయి ఉన్నాయి, తల్లి చేతుల్లాగే పొడుగాటి వేళ్ళు. “నీ చేతుల్లో ఉంది కదా, తీసెయ్ పిన్నీ. నాన్న ఏమీ అనుకోడు.” అంతే అంది. వంతెన మూసే వేళవుతోందని వెళ్ళిపోయింది.

నాన్న ఏమీ అనుకోడు. ఎలా తెలుసు ఆ పిల్లకు? సరిగ్గా వారం కిందట ఒక దర్జీ ఆమె ఆఫీసు గదికి వచ్చాడు, కిందటి విడతలో వదిలిన ఖైదీల్లో ఒకడు, బావ ఉన్న గదిలోనే ఐదేళ్ళున్నాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు, బిస్కెట్ ఇస్తే చేతిలోనే పట్టుకున్నాడు. అతను చెబుతూ పోయాడు, ఆమె వింటూ ఉంది. ఏటా ఇక్కడ ఓటింగు జరిగే నెల వస్తే లోపల ఎవరికీ నిద్ర పట్టేది కాదట. కాపలావాళ్ళను బతిమాలి వార్త తెలుసుకునేవాళ్ళట. పొడిగించారని తెలిసిన రోజు నవ్వుకునేవాళ్ళట, మనల్ని ఇంకా గుర్తుపెట్టుకున్నారురా అని. “మాస్టారు కొత్తగా వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారండీ. నది దాటితే ఒక సభ ఉంది, అందులో మా మరదలుంది, పట్టు పడితే వదలదు, మీరు ధైర్యంగా ఉండండి అని. మాకు తిండి సరిగ్గా లేకపోయినా అదొకటి ఉండేదండీ.” ఆమె అడిగింది, “నాకేమన్నా చెప్పమన్నారా?” దర్జీ ఆలోచించాడు. మంచి మనిషి, అబద్ధం చెబితే ఆమెకు ఊరటగా ఉంటుందని అతనికి తెలుసు, చెప్పలేకపోయాడు. “లేదండీ. తెల్లారకముందే నా పేరు పిలిచారు. నేను వచ్చేటప్పటికి మాస్టారు నిద్రపోతున్నారు. లేపబుద్ధి కాలేదండీ.” ఏ వైపు తల పెట్టి పడుకుంటాడు బావ, ఇంకా ఎడమ చేయి కళ్ళ మీద వేసుకునే పడుకుంటాడా, అడగలేదు. అడగవలసింది. అక్క పోయిన సంగతి ఆయనకు తెలుసా అని కూడా అడగలేదు. అతను వెళ్ళాక మెట్ల దాకా పరుగెత్తింది, అప్పటికే రోడ్డు దాటేశాడు.

ఒకవైపు ఆ వార్డుల్లోని మంచాలు, ఇంకోవైపు నలభై ఒక్కమంది మెలకువగా ఉన్న గదులు. ఏది బరువో చూడటానికి తక్కెడ ఎవరూ చేయలేదు. ఈ పనికి తమను ఎన్నుకుని పంపారు జనం, రోడ్లూ కాలవలూ మాత్రమే కాదు, ఇది కూడా చేసుకురమ్మని. మంత్రి నిన్న సాయంత్రం గది దాకా వచ్చి, చేతులు కట్టుకుని మరీ అన్నాడు, “సవరణ మీరు ప్రవేశపెడితేనే గౌరవంగా ఉంటుందండీ. మేం పెడితే వ్యాపారుల కోసం అంటారు.” వ్యాపారుల కోసమే అని ఇద్దరికీ తెలుసు, అవతల గనులున్నాయి, ఓడరేవుంది. మందుల లారీ వెనకాలే వాళ్ళ లారీలూ వెళ్తాయి. వెళ్ళనీ. ముందు మందుల లారీ వెళ్తుందంటే చాలు.

“అమ్మా, నీ వంతు,” అన్నాడు పెద్దాయన, మోచేతితో తట్టి. ఆయన ఎప్పుడు మేలుకున్నాడో. మంత్రి కూర్చుంటున్నాడు, స్పీకరు ఆమె వైపు చూస్తున్నాడు, మైకు పక్కన ఎర్ర దీపం వెలిగింది. రాసుకున్న రెండు పేజీలు చేతిలో ఉన్నాయి, మొదటి వాక్యం చదివింది, రెండోది కళ్ళకు ఆనలేదు. కాగితాలు బల్ల మీద పెట్టేసింది. “అధ్యక్షా, ఈ మాటలు నేనే పెట్టించాను. నేనే తీసేయమంటున్నాను. మందులకు మినహాయింపు ఉందని పోయినేడు ఈ సభకు చెప్పాను. కాగితం మీద ఉన్నది చెప్పాను. వంతెన మీద ఏం జరుగుతోందో నాకు తెలిసి కూడా చెప్పలేదు. అవతల జైళ్ళలో ఇంకా నలభై ఒక్కమంది ఉన్నారు. వాళ్ళలో ఒకరు మా బావ. ఈ సవరణ వల్ల ఆయనకు మంచి జరుగుతుందని నేను చెప్పను. జరగదనే అనుకుంటున్నాను. ఆసుపత్రులకు మందులు వెళ్ళాలి. అందుకని దీన్ని ప్రవేశపెడుతున్నాను.” ఎదురు బెంచీ న్యాయవాది ఏమైనా అంటాడని అందరూ అటు చూశారు. అతను తల దించుకుని తన కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. ఓటింగు గంట మోగింది, తలుపులు మూశారు. మీట మీద వేలు పెట్టినప్పుడు ఆమెకు ఏ పెద్ద ఆలోచనా రాలేదు, గోరు విరిగి ఉండటం మాత్రం కనిపించింది. అనుకూలం నూట ముప్ఫై ఒకటి, వ్యతిరేకం ఎనభై ఎనిమిది. తొమ్మిదేళ్ళు ఆమెతో నిలబడిన వాళ్ళు చాలామంది ఆ ఎనభై ఎనిమిదిలో ఉన్నారు. ఇవాళ బల్లలు చరిచిన చేతులన్నీ ఇన్నాళ్ళూ ఆమెను ఎదిరించినవాళ్ళవి. ఎవరో వచ్చి అభినందనలన్నారు. ఎవరో, ఒకప్పటి స్నేహితురాలు, ముఖం చూడకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది.

నడవాలో కిటికీ దగ్గర ఫోను మోగింది. అవతలి నంబరు. “టీవీలో చూశాం పిన్నీ,” అంది అక్క కూతురు. వెనకాల వార్డు చప్పుడు వినిపిస్తోంది, చక్రాల మంచం ఏదో వెళుతోంది. “డాక్టర్లు, పేషెంట్లు అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను పట్టుకుని ఏడ్చింది ఒకావిడ, వాళ్ళ బాబుకి మందు వస్తుందని.”

“లారీ ఎల్లుండి బయల్దేరుతుందట,” అంది ఆమె. “మంత్రి నాతో చెప్పాడు.”

“ఊఁ.”

“భోంచేశావా?”

“నేను స్టోరు గదిలోకి వచ్చేశాను పిన్నీ.” తలుపు మూసిన చప్పుడు అయింది, వార్డు వినిపించడం ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తర్వాత ఆ పిల్ల చిన్నగా, నాన్నను తీసుకెళ్ళిన నాటి పదహారేళ్ళ గొంతుతో అంది: “నేను అడిగితే మాత్రం, నువ్వు తీసెయ్యడమేనా?”

ఆమె కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. కింద మెట్ల మీద సభ్యులు ఒక్కొక్కరే దిగి కార్ల కోసం చూస్తున్నారు. ఫోనులో ఎక్కడో దూరంగా, మూసిన తలుపు అవతల నుంచి, “సిస్టర్, సిస్టర్” అని ఎవరో పిలుస్తున్నారు.

“వెళ్ళమ్మా, పిలుస్తున్నారు,” అంది ఆమె చివరికి.

“వెళ్తాలే,” అంది అక్క కూతురు. వెళ్ళలేదు. ఆమె కూడా ఫోను పెట్టలేదు.